బంగారు నోరు తెరవమన్న పెద్దాయన

చైనీస్ భాషలో బంగారాన్ని జిన్ అంటారు. అదే అక్షరానికి లోహం అన్న అర్థమూ ఉంది, డబ్బు అన్న అర్థమూ ఉంది. వూ జిన్ అంటే పదానికి పదంగా ఐదు బంగారాలు. కానీ ఆ బోర్డు ఉన్న కొట్లో మేకులు, తాళాలు, తలుపు బందులు అమ్ముతారు. శాన్ ఫ్రాన్సిస్కోని ముసలివాళ్ళు ఇప్పటికీ జియౌ జిన్ షాన్ అనే అంటారు, అంటే పాత బంగారు కొండ. "బంగారు కొండ దాకా వెళ్ళొచ్చాను" అని రోగి చెబితే ఆయనకి మతి చలించిందని కాదు, రైలెక్కి ఊళ్ళోకి వెళ్ళొచ్చాడని.

ఫ్రీమాంట్‌కి దగ్గర్లో ఉన్న ఒక హాస్పిటల్లో చాలా ఏళ్ళు మాండరిన్ ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసి ఈమధ్యనే రిటైరయ్యాను. మన పాత మాటలో చెప్పాలంటే దుబాసీని. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు కలిస్తే ముందుగా అడిగేది వైద్య పదాలు ఎలా గుర్తుపెట్టుకోవాలని. వైద్య పదాలు కష్టం కాదు. కాలేయానికి ఏ భాషలోనైనా కాలేయమనే అర్థం. రోజూ వాడే మాటలే ఇబ్బంది పెడతాయి. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆపి ఆలోచింపజేసినవి బంగారం ఉన్న మాటలు. అందుకే వాటి చుట్టూనే ఇది రాస్తున్నాను.

తెలుగావిడకి చైనీస్ ఎందుకు

ఢిల్లీలో డిగ్రీకి ఫ్రెంచ్ కోరుకుంటే చైనీస్‌లో సీటొచ్చింది. కారణం అంతకన్నా గొప్పదేమీ లేదు. పెళ్ళయ్యాక మావారి ఉద్యోగంతో ఫ్రీమాంట్ వచ్చాం. నాది డిపెండెంట్ వీసా, పని చేయడానికి లేదు. తెలుగువాళ్ళ పార్టీల్లో ఏం చదివారని అడిగేవారు.

"చైనీసా? ఎందుకండీ? అదే టైంలో జావా నేర్చుకుని ఉంటే ఈపాటికి హెచ్ వన్ వచ్చేది కదా," అని ఒకావిడ నిజంగా బాధపడింది.

మా అపార్ట్‌మెంట్ పక్క పార్కులో పొద్దున్నే చైనీస్ అమ్మమ్మలు పాటలు పెట్టుకుని వ్యాయామం చేసేవారు. వెళ్ళి చివరి వరసలో నిలబడ్డాను. కాలేజీలో నేను నేర్చుకున్నది వార్తలు చదివే భాష. మోకాళ్ళ నొప్పులు, కోడళ్ళ మీద ఫిర్యాదులు, నిద్ర పట్టని రాత్రుల సంగతులు ఏ మాటల్లో చెప్పుకుంటారో ఆ వరసలో నేర్చుకున్నాను. గ్రీన్ కార్డ్ వచ్చాక పరీక్ష పాసై హాస్పిటల్లో చేరినప్పుడు కాలేజీ చదువు కన్నా అదే అక్కరకొచ్చింది.

రోగులు నన్ను చూడగానే నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు చూసేవారు. నోరు విప్పాక కాసేపు నవ్వేవారు. ఆ నవ్వు అయ్యేదాకా ఆగడం కూడా పనిలో భాగమేనని డొలోరెస్ చెప్పింది.

డొలోరెస్ మా విభాగానికి మేనేజర్. చిన్నప్పటి నుంచీ తల్లి వెంట క్లినిక్‌లకి వెళ్ళి స్పానిష్‌ని ఇంగ్లీషులోకి మార్చి చెబుతూ పెరిగిన మనిషి. ఎవరినీ పొగిడేది కాదు. మొదటి రోజే నాతో అంది:

"వాళ్ళు చెప్పింది మొత్తం చెప్పు. కలపకు, తీయకు. అర్థం కాకపోతే కాలేదని చెప్పు. అర్థమైపోయిందని మరీ గట్టిగా అనిపిస్తే, అప్పుడు తప్పకుండా ఇంకోసారి అడుగు."

చివరి వాక్యం ఆవిడ చమత్కారానికి అన్నదనుకున్నాను. కాదని తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

కళ్ళలో చుక్కలు

గువో గారని ఒక పెద్దావిడ క్లినిక్‌కి వచ్చింది. కొత్తగా బీపీ మాత్రలు మొదలుపెట్టారు. ఏమైందని డాక్టర్ అడిగితే, "యెన్ మావ్ జిన్ షింగ్" అంది. కళ్ళలోంచి బంగారు చుక్కలు రాలుతున్నాయని దాని అర్థం. దెబ్బ తగిలి గాని, ఉన్నట్టుండి లేచి గాని కళ్ళు తిరిగితే చైనీస్‌వాళ్ళు అనే మాట. మనం చుక్కలు కనపడ్డాయి అంటామే, అలాంటిదే.

బీపీ మాత్రలు, పెద్ద వయసు, కళ్ళు తిరగడం. అన్నీ ఎంతో చక్కగా కలిశాయి. "కళ్ళు తిరుగుతున్నాయట" అనే వాక్యం నా నాలుక మీదికి వచ్చేసింది. అంత చక్కగా కలవడమే నన్ను ఆపింది.

"డాక్టర్, ఆవిడ వాడింది ఒక పలుకుబడి," అన్నాను. "ఉన్నదున్నట్టు చెబితే కళ్ళలో బంగారు చుక్కలు. మామూలుగా కళ్ళు తిరగడానికి వాడతారు. ఆవిడ ఏ అర్థంలో అంటున్నారో అడగమంటారా?"

"అడగండి," అన్నాడాయన.

అడిగితే గువో గారికి కోపం వచ్చింది. "తిరగడమేమిటి? చుక్కలంటే చుక్కలే!" అని ఎడమ కన్ను మూసుకుని, కుడి కంటి కొసన వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ. తల తిప్పితే మెరుస్తున్నాయి. నల్లటి పోగులు కూడా తేలుతున్నాయి."

డాక్టర్ కుర్చీలోంచి లేచి కంటి విభాగానికి ఫోన్ చేశాడు. కంటి వెనక పొర చిరిగింది. ఆ రోజే లేజర్ చేశారు, చూపు దక్కింది. బీపీ మాత్ర తగ్గించి ఇంటికి పంపి ఉంటే ఏమయ్యేదో అందరికీ తెలుసు.

భాష సరిగా రానివాడు చేసే పొరపాట్లు ఎవరైనా పట్టుకోగలరు. బాగా వచ్చినవాడు చేసేవి బయటపడవు, ఎందుకంటే అతను చెప్పిన వాక్యం నున్నగా, నమ్మేలా ఉంటుంది. ఇది ఆ రోజు నేర్చుకున్నాను.

వెయ్యి బంగారాలు

ఇక షెన్ గారి సంగతి. నా ఉద్యోగంలో ఒకే రోగిని మొదటి నుంచి చివరిదాకా చూడటం అరుదుగా జరిగేది. ఈయన విషయంలో జరిగింది.

అడ్మిషన్ రోజున కౌంటర్‌లో అమ్మాయి నాకు కంగారుగా ఫోన్ చేసింది. "ఇక్కడొక పెద్దాయన వెంట వెయ్యి బంగారాలు తెచ్చుకున్నానంటున్నాడు. సెక్యూరిటీని పిలిచి లాకర్‌లో పెట్టించాలా?"

వెళ్ళి చూస్తే సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక ముసలాయన, పక్కన నలభై దాటిన కూతురు. నేను వచ్చేలోగా కౌంటర్ అమ్మాయి ట్యాబ్లెట్‌లో అనువాదం యాప్ పెట్టి, వెంట ఎవరొచ్చారని అడిగింది. ఆయన "చియెన్ జిన్" అన్నాడు. యాప్ దాన్ని విడగొట్టి వెయ్యి బంగారాలు అని చెప్పింది. చియెన్ జిన్ అంటే కూతురు. ఎదుటివాళ్ళ కూతుర్ని మర్యాదగా అనే మాట. సొంత కూతుర్ని అలా అనుకోరు. ఈయన అన్నాడంటే, మనవాళ్ళు నలుగురిలో "మా బంగారుతల్లి" అని కూతుర్ని ముందుకు తోసినట్టు.

కూతురి పేరు గ్రేస్. తండ్రి మాట విననట్టు పక్కకి చూస్తోంది. షెన్ గారిది వాళ్ళ ఊళ్ళో వూ జిన్ కొట్టు, అంటే ఇనుప సామాను వ్యాపారం. భార్య పోయాక కొట్టు అమ్మేసి కూతురి దగ్గరికి వచ్చాడు.

యాప్‌ల మీద నాకు కోపం లేదు. నీళ్ళు కావాలా, చలేస్తోందా అని అడగడానికి పనికొస్తాయి. అవి తెలియదని చెప్పవు, అదొక్కటే వాటితో చిక్కు.

గుమ్మం బయట

షెన్ గారికి కడుపులో క్యాన్సర్. అప్పటికే కాలేయానికి పాకింది. ఆయన్ని చూసిన డాక్టర్ కవిత వరంగల్ అమ్మాయి, నలభై ఏళ్ళుంటాయి. మొదటిసారి కలిసినప్పుడు రోగి ముందే నన్ను తెలుగులో పలకరించబోతే నేను ఇంగ్లీషులో జవాబిచ్చి, బయటికొచ్చాక కారణం చెప్పాను. రోగికి అర్థం కాని మూడో భాష గదిలో వినపడితే, అది తన చావు గురించేనని అనుకుంటాడు. కవిత దాన్ని తప్పుగా తీసుకోలేదు. అప్పటి నుంచి మా తెలుగు గుమ్మం బయటే.

ఫలితాలు చెప్పాల్సిన రోజున గ్రేస్ నన్ను కారిడార్‌లో ఆపింది.

"మా నాన్నకి ఆ మాట చెప్పకండి. పుండు అనండి, వాపు అనండి, ఏదైనా అనండి. మీరు ఆసియా వాళ్ళే కదా, మీకు తెలుసు."

"డాక్టర్ ఏది చెబితే నేను అదే చెప్పాలి. మీరు ఆవిడతో మాట్లాడండి," అన్నాను.

"మా అమ్మకి చెప్పారు. చెప్పిన రోజు నుంచి అన్నం మానేసింది. తర్వాత ఎన్నాళ్ళో ఉండలేదు," అంది గ్రేస్. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని ఏడవలేదు.

ఆవిడ కవితతో మాట్లాడి లోపలికి వెళ్ళాక కవిత నా దగ్గరికి వచ్చింది. "ఎట్ల అక్కా? డాటర్ చెప్పొద్దంటుంది. నేనైతే అబద్ధం చెప్పలేను. మా కల్చర్‌ల పద్ధతి వేరు, మీకు అర్థం కాదు అంటుంది."

"చైనాలో చాలా ఇళ్ళలో దాచే మాట నిజమే," అన్నాను. "ఈయన సంగతేంటో నాకు తెలియదు."

"సరే, ఆయన్నే అడుగుతా. ఎంత తెలుసుకోవాలనుకుంటున్నడో ఆయనే చెప్తడు," అని కవిత తలుపు తోసింది.

కొత్తవాళ్ళకి ఒక మాట. గుమ్మం బయట ఇంటివాళ్ళు చెప్పేవి వినాలి, జాలిపడొచ్చు, మాట మాత్రం ఇవ్వకూడదు. ఆ కూతురికి ఏదో ఒకటి ఒప్పుకుంటే లోపలున్న మనిషికి అన్యాయం చేసినట్టే.

బంగారు నోరు

కవిత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "షెన్ గారూ, మీ పరీక్షల ఫలితాలు వచ్చాయి. కొంతమంది అన్నీ తెలుసుకోవాలనుకుంటారు. కొంతమంది ఇంట్లోవాళ్ళకి చెబితే చాలంటారు. మీకెలా కావాలి?"

నేను చైనీస్‌లో చెప్పాను. ఆయన నోరు తెరిచేలోపే గ్రేస్ ఇంగ్లీషులో, "నాన్న తరపున నేను చెబుతున్నాను. నాకు చెప్పండి చాలు," అంది.

గదిలో పలికిన ప్రతి మాటా రోగికి చేరాలి. అదీ చైనీస్‌లో చెప్పాను.

గ్రేస్ నా వైపు తిరిగింది. "అది ఆయనకి చెప్పాలా?"

అదీ చెప్పాను.

షెన్ గారు నవ్వాడు. బాగా అలసిపోయిన మనిషి నవ్వు. తర్వాత కూతుర్ని, గుమ్మంలో ఉన్న నర్సుని, చివరికి కవితని వరసగా చూసి మెల్లగా అన్నాడు:

"ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. అందరివీ బంగారు నోళ్ళే, తెరుచుకోవడం కష్టంగా ఉంది. డాక్టరమ్మా, దయచేసి మీ బంగారు నోరు తెరవండి."

మొదటి వాక్యం ఎత్తిపొడుపు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా అని మనం అడిగినట్టు. రెండోది పెద్దవాళ్ళని మాట్లాడమని వేడుకునే మర్యాద మాట. ఒకే బంగారం ముందు కుట్టింది, తర్వాత చేతులు జోడించింది. "దయచేసి చెప్పండి" అని ఒక్క ముక్కలో ఇంగ్లీషులో పెడితే సగం పోతుంది. అందుకని నోళ్ళు, బంగారం అన్నీ ఉన్నవి ఉన్నట్టే చెప్పి, మొదటిది వ్యంగ్యమని, రెండోది మర్యాదతో అడగడమని వేరుగా వివరించాను.

కవిత ఒక్క క్షణం ఆయన చేతి వైపు చూసి చెప్పడం మొదలుపెట్టింది. చిన్న వాక్యాలు, మధ్యలో ఆగుతూ. క్యాన్సర్ అంది. నేను చైనీస్‌లో ఆ మాటని ఆవిడ ఎంత గొంతుతో అందో అంతే గొంతుతో అన్నాను. ఈ పనిలో చెడ్డ మాట దగ్గర గొంతు తగ్గించడం కూడా మార్చి చెప్పడమే.

ఆయన తల ఊపాడు. కడుపులో ఏదో ఉందని తనకి తెలుసన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"మీ అమ్మకి చెప్పింది నేనే."

గ్రేస్ తలెత్తి ఆయన వైపు చూసింది.

"నేను చెప్పబట్టి ఆవిడ తిండి మానేసిందనుకున్నావు. అది కాదు. ఆవిడకి గొంతు దిగేది కాదు. జబ్బు అలాంటిది. నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్ళలో ఒక్క మాట అని ఉంటే నేను జవాబు చెప్పి ఉండేవాణ్ణి."

కవిత కోసం నేనిదంతా ఇంగ్లీషులో చెబుతున్నాను. ఇంటర్‌ప్రెటర్ "నేను" అన్నప్పుడు ఆ నేను రోగి. "మీ అమ్మకి చెప్పింది నేనే" అని, నాకేమీ కాని ఒక కూతురి ముందు పలికాను. గ్రేస్‌కి రెండు భాషలూ వచ్చు. ఆ మాట ఆవిడకి రెండుసార్లు వినపడింది.

ఆ రోజు ఇంటికి వెళ్ళి కంచం ముందు కూర్చుంటే మావారు, "ఏంటి, అన్నం కెలుకుతున్నావ్? పనిలో ఏమైనా అయిందా?" అన్నారు.

"అయింది."

"చెప్పకూడనిదా?"

"ఆఁ."

ఆయన లేచి టీ పెట్టారు. ఈ ఉద్యోగంలో ఇంటికి తెచ్చుకోకూడని మాటలే ఎక్కువ. వాటిని అడక్కుండా ఊరుకునే మనిషి ఒకరు పక్కన ఉండాలి.

తర్వాతి వారం గ్రేస్ నాతో లిఫ్ట్ దగ్గర అంది. "ఆ రోజు ఇంటికి వెళ్ళగానే నాన్న నూడుల్స్ చేయమన్నాడు. అయిపోయాక ఇంకా ఉన్నాయా అని అడిగాడు." అంతే అంది. లిఫ్ట్ వచ్చింది, వెళ్ళిపోయింది.

చేతులు కడుక్కోవడం

కీమో మొదలైంది. కొన్నాళ్ళు బాగానే ఉన్నాడు. తర్వాత మందు తట్టుకోలేక మళ్ళీ హాస్పిటల్లో చేరాడు. ఒకరోజు నేను ప్రసూతి వార్డులో ఉండగా కవిత నుంచి పిలుపొచ్చింది. వెళ్ళేసరికి ఫిలిప్పీన్స్ నర్సు మారిసెల్ గది బయట ఉంది.

"పొద్దున ఏదో అన్నాడు. యాప్‌లో పెడితే బంగారు బేసిన్‌లో చేతులు కడుక్కుంటాను అని వచ్చింది," అంది. "బంగారుది ఎక్కడ తేను? ఉన్న బేసిన్‌లో గోరువెచ్చని నీళ్ళు తీసుకెళ్ళాను. కడుక్కుని తుడుచుకుని థాంక్యూ అన్నాడు. కానీ ఆయన అడిగింది అది కాదేమోనని మనసులో పీకుతోంది. డాక్టర్‌కి చెప్పాను."

మారిసెల్ చెప్పకపోతే ఆ మాట ఆ నీళ్ళతోనే పోయేది.

జిన్ పెన్ షీ షౌ. పాత కథల్లో కత్తి పట్టి బతికినవాళ్ళు ఆ బతుకు వదిలేసేటప్పుడు అందరినీ పిలిచి, బంగారు పళ్ళెంలో చేతులు కడుక్కుంటారు. ఇక కత్తి ముట్టనని దాని అర్థం. ఇప్పుడు ఏ పని మానేసినా, ఏ అలవాటు వదిలేసినా నవ్వుతూ అంటారు.

కవితకి ఇదంతా చెప్పాను. "అంటే ట్రీట్‌మెంట్ ఆపమంటున్నడా?" అంది.

"కావచ్చు. సిగరెట్ మానేశానని కూడా కావచ్చు. నేను ఊహించి చెప్పకూడదు. అడుగుదాం."

గ్రేస్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. కవిత అడిగింది, నేను చైనీస్‌లో అడిగాను: "మీరు చేతులు కడుక్కున్నది ఏ పని నుంచి?"

"రోగి పని నుంచి," అన్నాడు షెన్ గారు. "చాలాకాలం చేశాను. నర్సమ్మలు మంచి పనిమంతుడనే అంటారు. ఇక చాలు."

మందు ఆపితే ఏమవుతుందో కవిత వివరించింది. అర్థమైనదేదో ఆయన మాటల్లోనే చెప్పమంది. ఆయన తనకి తెలిసిన సామానుతోనే చెప్పాడు. "తుప్పు పట్టిన తాళం. మీరు నూనె పోసి తిప్పుతున్నారు. పోయడం మానేస్తే కొన్నాళ్ళకి బిగుసుకుపోతుంది. తాళాలు అమ్మినవాణ్ణి, నాకు తెలియదా?"

కవిత గ్రేస్ వైపు చూసింది. గ్రేస్ తండ్రి వైపు చూసింది. "నాన్న చెప్పింది నేను విన్నాను," అని మాత్రం అంది.

చివరి కాల్

ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళారు. కొన్ని వారాల తర్వాత కవిత వీడియో కాల్ పెట్టింది. నన్నూ కలిపారు. స్క్రీన్ మీద మంచం, దిండ్లకి ఆనుకుని షెన్ గారు, పక్కన గ్రేస్. చాలా చిక్కిపోయాడు. కవిత మొదలుపెట్టబోతే ఆయన చెయ్యెత్తాడు.

"ఇంటర్‌ప్రెటర్ మేడమ్‌ని ఊరికే వినమనండి. ఈవేళ మా అమ్మాయి చెబుతుంది."

ఇంటివాళ్ళ చేత ఇలాంటివి చెప్పించకూడదని నేను ఎంతోమందికి పాఠం చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతాను. ఇంటివాళ్ళు తీసేస్తారు, మెత్తబరుస్తారు, తమకి భయమైనవి దాటేస్తారు. కానీ అడుగుతున్నది రోగి. కవితతో ఇంగ్లీషులో అన్నాను, "నేను లైన్‌లో ఉంటాను. ఏదైనా తేడా వస్తే మధ్యలో ఆపి చెబుతాను." కవిత సరేనంది.

కవిత ఒక్కో వాక్యం చెబుతుంటే గ్రేస్ చైనీస్‌లో చెప్పింది. పదేళ్ళ వయసులో చదువు కోసం బంధువుల వెంట దేశం వదిలిన మనిషి చైనీస్ అది. పెద్ద మాటలు లేవు. మార్ఫిన్‌కి ఏమంటారో రాక, "నొప్పి పోయే చుక్కలు, నాలుక కింద వేస్తాను," అంది. నిద్ర ఎక్కువవుతుందని చెప్పింది. తినబుద్ధి కాదని, అప్పుడు బలవంతం చేయనని చెప్పింది. కవిత ఆ తర్వాతి వాక్యం అంది. గ్రేస్ ఆగింది. నేను మైక్ మీద వేలు పెట్టుకుని ఉన్నాను.

"క్యాన్సర్ ఇంకా పెరిగింది నాన్నా," అంది గ్రేస్. "ఇంక ఎక్కువ రోజులు లేవంటున్నారు. వారాలు కూడా కాదట, రోజులట. నేను ఇక్కడే ఉంటాను."

చివరి వాక్యం కవిత అన్నది కాదు. దాన్ని నేను దిద్దలేదు.

షెన్ గారు ఆవిడ చేతి మీద తట్టాడు. "స్పష్టంగా చెప్పావు," అన్నాడు. కాసేపటికి అలసి నిద్రపోయాడు.

కవిత కాల్ నుంచి వెళ్ళిపోయాక కూడా గ్రేస్ స్క్రీన్ దగ్గరే ఉంది.

"మేడమ్, ఉన్నారా?"

"ఉన్నాను."

"నేనేమైనా వదిలేశానా?"

"లేదు," అన్నాను. "ఏమీ వదల్లేదు."